పైగాలి తగ్గేదాకా

ఏప్రిల్‌లో తాయిఫ్ రాత్రులు ఇంకా చల్లగానే ఉంటాయి. సరావత్ కొండల మీద, సముద్రమట్టానికి దాదాపు 1,880 మీటర్ల ఎత్తున ఉన్న ఊరిది. కింద మక్కా, జిద్దా ఉక్కపోతలో ఉన్నా ఇక్కడ మేడ మీద కూర్చోవాలంటే భుజాన దుప్పటి ఉండాలి. 2019లో అలాంటి ఒక రాత్రి, తేదీ మారి ఏప్రిల్ 11 వచ్చాక, మేం ముగ్గురం తెలుగువాళ్లం ఒకే ఫోన్ ముందు కూర్చున్నాం. తెర మీద ఫ్లోరిడా. అక్కడ ఇంకా 10వ తేదీ సాయంత్రమే. కెన్నెడీ అంతరిక్ష కేంద్రంలోని 39ఎ ప్రయోగవేదిక మీద 70 మీటర్ల ఎత్తున ఫాల్కన్ హెవీ నిలబడి ఉంది. దాని కొనన అరబ్‌శాట్-6ఎ. రియాద్ కేంద్రంగా నడిచే అరబ్ దేశాల ఉపగ్రహ సంస్థ పంపుతున్న ఉపగ్రహం.

మా లెక్కన రాత్రి 1:35కి అది లేవాలి. సమయాన్ని వెనక్కి జరిపారు. ఇంకాసేపు చూశారు. చివరికి ఆ రోజుకు ప్రయోగం లేదన్నారు. పైన, చాలా ఎత్తులో, గాలులు అనుకూలంగా లేవట.

కరీంనగర్ అన్న దుప్పటి దులుపుతూ లేచాడు. ఆయన తాయిఫ్ దగ్గరి అల్ హదాలో గులాబీ తోటలో పని చేస్తాడు. తెల్లారకముందే తోటలో ఉండాలి. నిద్ర పాడు చేసుకుని మాకోసం కూర్చున్నాడు. "గంత పెద్ద రాకెట్, గాలికి ఆగుతదా?" అన్నాడు.

సూళ్లూరుపేట తమ్ముడికి మాత్రం నిరాశ లేదు. పులికాట్ ఒడ్డున, షార్ అంతరిక్ష కేంద్రం నుంచి లేచే రాకెట్లు చూస్తూ పెరిగినవాడు. "మా ఊళ్లో ఇట్టాంటివి చానా చూశాం అన్నా. ఆపారంటే ఏదో చూసే ఆపుంటారు" అన్నాడు.

ప్రశ్నా జవాబూ రెండూ సరైనవే అనిపించింది నాకు. రాకెట్ వాయిదా పడిందని వార్త వచ్చినప్పుడల్లా మనం "ఎందుకు ఆలస్యం?" అని విసుక్కుంటాం. అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది: ఏం చూసి ఆగారు? ఆ జవాబు వెతుక్కుంటూ వెళితే రాకెట్ శాస్త్రంలో సగం తెలిసిపోతుంది.

కొత్త ఇంజిన్లు, మూడు మొదళ్లు

ఫాల్కన్ హెవీ అంటే మూడు ఫాల్కన్ 9 మొదటి దశలను, అంటే మూడు మొదళ్లను, పక్కపక్కన కట్టిన రాకెట్. ఒక్కోదానికి తొమ్మిది మెర్లిన్ ఇంజిన్లు, మొత్తం 27. తొలిసారి 2018 ఫిబ్రవరి 6న ఎగిరినప్పుడు అది మోసింది తయారీ సంస్థ అధిపతి ఎలాన్ మస్క్ సొంత టెస్లా కారును. ఎవరి ఉపగ్రహమూ లేని ప్రయోగం కాబట్టి, పోయినా నష్టపోయే ఖాతాదారు లేడు. ఆ రాకెట్ పక్క బూస్టర్లు 2016లో ఒకసారి ఎగిరివచ్చిన పాత రకానివి.

రెండోసారి సంగతి వేరు. ఈసారి మూడు మొదళ్లూ బ్లాక్ 5 అనే కొత్త రకం. ఇంజిన్ల తోపుడు బలం ముందుకంటే సుమారు పది శాతం ఎక్కువ. మొత్తం కలిపితే 2,300 టన్నుల బరువును ఎత్తగల బలం. పైన ఉన్నది బొమ్మ బరువు కాదు. లాక్‌హీడ్ మార్టిన్ తయారుచేసిన, 6,465 కిలోల బరువున్న, పదిహేనేళ్లు పనిచేయాల్సిన ఉపగ్రహం. మధ్యప్రాచ్యం, ఆఫ్రికా, యూరప్ ప్రాంతాలకు టీవీ, ఇంటర్నెట్, టెలిఫోన్ అందించాల్సినది.

మెరుగుపరిచిన రాకెట్ అంటే పాతదానికే కాస్త బలం చేర్చారని అనుకుంటాం. ఇంజినీర్లు అలా చూడరు. పాత రాకెట్ ఎన్నిసార్లు ఎగిరినా, ఆ అనుభవం కొత్తదానికి పూర్తిగా వర్తించదు. తోపుడు పది శాతం పెరిగితే కంపనం మారుతుంది. కంపనం మారితే పైపుల అతుకుల మీద, తీగల కట్టల మీద, పైనున్న ఉపగ్రహం మీద పడే ఒత్తిడి మారుతుంది. మూడు మొదళ్లను కలిపే బిగింపుల గుండా ప్రవహించే బలమూ మారుతుంది. ప్రతి మార్పునూ కాగితం మీద లెక్క కట్టాలి, నేల మీద పరీక్షించాలి, చివరికి ప్రయోగవేదిక మీద మరోసారి నిర్ధారించుకోవాలి.

ఇదే బ్లాక్ 5 ఒంటరిగా ఎగిరిన తొలిరోజు గుర్తు చేసుకోండి. 2018 మే 10న బంగ్లాదేశ్ ఉపగ్రహం బంగబంధు-1ను మోయాల్సిన ఫాల్కన్ 9, ఇంకా 58 సెకన్లు ఉందనగా తనంతట తానే ఆగిపోయింది. మర్నాడు ఎగిరింది. కొత్త యంత్రాన్ని నడిపే కంప్యూటర్‌కు అనుమానం వస్తే ఆపేయమనే నేర్పుతారు.

అరబ్‌శాట్ ప్రయోగం తేదీ ముందు ఏప్రిల్ 7 అనుకున్నారు. తర్వాత 9, ఆపైన 10. ఏప్రిల్ 5న స్టాటిక్ ఫైర్ జరిగింది. అంటే రాకెట్‌ను వేదికకు గట్టిగా బిగించి, ఇంధనం నింపి, 27 ఇంజిన్లనూ కొన్ని సెకన్లు మండించి ఆర్పడం. మన ఊళ్లో లారీ షెడ్డు నుంచి బయటకు తెచ్చేముందు మేస్త్రీ స్టార్ట్ చేసి చెవి పెట్టి వింటాడే, అలాంటిది. ఇక్కడ చెవులు వేలకొద్దీ సెన్సర్లు.

ఆ పరీక్ష జరిగినప్పుడు ఉపగ్రహం రాకెట్ మీద లేదు. దానికో కారణం ఉంది. 2016 సెప్టెంబర్ 1న ఆమోస్-6 ఉపగ్రహాన్ని మీద ఉంచుకునే ఒక ఫాల్కన్ 9ను ఇలాంటి పరీక్షకు సిద్ధం చేస్తుండగా, ఇంధనం నింపే సమయంలోనే రాకెట్ పేలిపోయింది. ఉపగ్రహమూ బూడిదైంది. ఆ తర్వాత నుంచి ముందు మండించి చూడటం, రాకెట్‌ను షెడ్డుకు తీసుకెళ్లడం, ఉపగ్రహాన్ని అమర్చడం, మళ్లీ వేదిక మీదికి తేవడం పద్ధతిగా మారింది. దీనివల్ల రోజులు పెరుగుతాయి. ఆ రోజులు ఎందుకు పెరిగాయో తెలిశాక వాటిని వృథా అనలేం.

తాయిఫ్ పప్పు, ఫ్లోరిడా ఆక్సిజన్

ఆమోస్-6 పేలుడు మూలం ఆక్సిజన్ చల్లదనంలో ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి మా వంటింట్లోకి రండి.

తాయిఫ్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాడు మొదటి వారం ఒక మాట అంటాడు: "ఇక్కడ పప్పు ఉడకదేంటి?" కంది పప్పు అదే, గిన్నె అదే, మంట అదే. కానీ ఈ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానికి సుమారు ఐదింట నాలుగు వంతులే. ఒత్తిడి తగ్గితే నీళ్లు తొందరగా మరిగిపోతాయి. నెల్లూరులో 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు ఇక్కడ 94 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆపైన ఎంత మంట పెట్టినా నీళ్లు ఆవిరవుతాయే తప్ప వేడెక్కవు. అందుకే ఇక్కడ మూత బిగించే కుక్కర్ లేకుండా పప్పు త్వరగా మెత్తబడదు. ద్రవం ఏ వేడి దగ్గర మరుగుతుందన్నది దాని మీదున్న ఒత్తిడి చెబుతుంది.

రాకెట్ ట్యాంకులో ఉండేది ద్రవ ఆక్సిజన్. మామూలు ఒత్తిడిలో అది మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంటే ప్రపంచంలో ఏ మూలన పెట్టినా దానికి చుట్టూ ఉన్న గాలి పొయ్యి మంటలాంటిదే. ట్యాంకులో పోసిన క్షణం నుంచి మరుగుతూ ఆవిరవుతూనే ఉంటుంది. కౌంట్‌డౌన్‌లో రాకెట్ పక్కల నుంచి తెల్లగా పొగలా కనిపించేది నిజానికి పొగ కాదు. చల్లటి ఆక్సిజన్ తగిలి గాలిలోని తేమ మంచుపొగగా మారడం.

మెరుగుపరిచిన ఫాల్కన్‌లో చేసిన పెద్ద మార్పు ఈ ఆక్సిజన్‌ను ఇంకా చల్లబరచడం. మరిగే దగ్గర ఆపకుండా మైనస్ 207 డిగ్రీల దాకా దింపారు. ఇంత చల్లబడితే ద్రవం దగ్గరకు ముడుచుకుంటుంది. లీటరుకు 1.14 కిలోలు ఉండే ఆక్సిజన్ 1.25 కిలోల దాకా చేరుతుంది. కిరోసిన్‌ను కూడా మైనస్ 7 డిగ్రీలకు చల్లబరిచారు. ట్యాంకు సైజు పెంచకుండానే అందులో ఎక్కువ ఇంధనం పడుతుంది. ఎక్కువ ఇంధనం ఉంటే ఎక్కువ బరువు పైకి వెళుతుంది, బూస్టర్ తిరిగి దిగడానికి కూడా కాస్త మిగులుతుంది.

దీనికి కట్టాల్సిన ధర సమయం. అంత చల్లటి ద్రవాన్ని ముందే పోసి ఉంచలేం, వేడెక్కిపోతుంది. కాబట్టి ఫాల్కన్ హెవీలో కిరోసిన్ నింపడం ప్రయోగానికి 50 నిమిషాల ముందు, ఆక్సిజన్ నింపడం 45 నిమిషాల ముందు మొదలవుతుంది. పైదశకు ఆక్సిజన్ అయితే చివరి 18 నిమిషాల్లోనే. పోయడం మొదలయ్యాక ఎక్కువసేపు ఆగడానికి వీలుండదు. పెళ్లిలో ముహూర్తం చూసుకునే అక్షింతలు చేతికిచ్చినట్టు, అన్నీ సరిగ్గా ఆ నిమిషానికి కలవాలి.

2016లో ఎస్ఈఎస్-9 ఉపగ్రహ ప్రయోగం ఈ పాఠాన్ని ఇంజినీర్లకు బాగా నేర్పింది. అత్యంత చల్లటి ఆక్సిజన్ వాడటం అప్పటికి ఇంకా కొత్త. ఫిబ్రవరి 24న ఆపారు. 25న ఆక్సిజన్ నింపడం సకాలంలో పూర్తికాక రెండు నిమిషాల్లోపు ఉందనగా ఆపారు. 28న అన్నీ సిద్ధమైన వేళ సముద్రంలో నిషిద్ధ ప్రాంతంలోకి ఒక పడవ వచ్చింది. అది వెళ్లేదాకా ఆగారు. ఆగిన ఆ కాసేపట్లో ఆక్సిజన్ వేడెక్కింది. ఇంజిన్లు వెలిగిన క్షణంలో తోపుడు తగ్గిందని గుర్తించి కంప్యూటర్ వాటిని ఆర్పేసింది. మార్చి 4న గాని అది ఎగరలేదు. ఒక పడవకూ ఇంజిన్ బలానికీ మధ్య ఇంత నేరుగా లంకె ఉంటుందని ఎవరనుకుంటారు!

ఆమోస్-6 విషయంలో ఇదే చల్లదనం మరో రూపంలో దెబ్బతీసింది. ట్యాంకు లోపల హీలియం సీసాలు ఉంటాయి. వాటికి బయట కార్బన్ పోగుల చుట్టు. ఆక్సిజన్ మైనస్ 219 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. వాడే చల్లదనానికి అది ఎంతో దూరం లేదు. ఆ పోగుల మడతల్లో చిక్కుకున్న ఆక్సిజన్ ఘనరూపానికి వచ్చి, ఒరిపిడికి అంటుకుని ఉండవచ్చని విచారణలో తేలింది. కాబట్టి కొత్త రాకెట్ కౌంట్‌డౌన్‌లో ప్రతి నిమిషం వెనక ఒక నేర్చుకున్న పాఠం ఉంది. కొన్నిటి వెనక పోగొట్టుకున్న రాకెట్టూ ఉంది.

గాలికి ఆగుతదా?

ఇక కరీంనగర్ అన్న ప్రశ్నకు వద్దాం. 1,400 టన్నుల రాకెట్ గాలికెందుకు ఆగాలి?

సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్లకు ఈ సంగతి సగం తెలుసు. నేల మీద ఆకు కదలదు. పటం ఎలాగో కష్టపడి మేడ దాటితే ఒక్కసారిగా దారం వేళ్లను కోసేంత లాగుతుంది. ఇంకా పైకి వెళితే గాలి దిశే మారి పటం పక్కకు కొట్టుకుపోతుంది. గాలి పొరలు పొరలుగా ఉంటుంది, ఒక్కో పొరకు ఒక్కో వేగం, ఒక్కో దిశ.

రాకెట్ ఈ పొరలను ఒకటిన్నర నిమిషం లోపు చీల్చుకుంటూ వెళుతుంది. పది కిలోమీటర్లు దాటిన ఎత్తులో, ధ్వని వేగాన్ని మించి పోతున్నప్పుడు దాని మీద గాలి ఒత్తిడి పరాకాష్ఠకు చేరుతుంది. సరిగ్గా ఆ ఎత్తుల్లోనే ఉద్ధృతంగా ప్రవహించే గాలుల నది కూడా ఉంటుంది. నేరుగా ముక్కు మీద తగిలే గాలిని రాకెట్ తట్టుకోగలదు. పక్క నుంచి తగిలితే సన్నగా పొడుగ్గా ఉన్న ఆ శరీరం వంగడానికి చూస్తుంది. నడిపే కంప్యూటర్ ఇంజిన్లను తిప్పి సరిదిద్దుతుంది. గాలి ఒక పొరలో ఎడమకు, వెంటనే పై పొరలో కుడికి తోస్తే సరిదిద్దడానికి వ్యవధి చాలదు. మొత్తం గాలి వేగం కన్నా పొరకూ పొరకూ మధ్య ఆ తేడాయే ఎక్కువ ప్రమాదం. మూడు మొదళ్లను బిగింపులతో కలిపిన ఫాల్కన్ హెవీకి ఈ లెక్క మరీ సున్నితం. ఒక పక్క బూస్టర్ మీద పడిన తోపు బిగింపుల గుండా నడిమి మొదలు మీదికి వస్తుంది.

అందుకే ప్రయోగానికి కొన్ని గంటల ముందు నుంచే బెలూన్లు వదులుతారు. అవి పైకి వెళుతూ ప్రతి పొరలో గాలి సంగతి చెబుతాయి. ఆ లెక్కలను బట్టి రాకెట్ ఏ క్షణంలో ఎంత వంగి వెళ్లాలో నిర్ణయిస్తారు. ఎంత సవరించినా గాలి తేడా ఓర్పు హద్దు దాటితే, ఆకాశం నీలంగా మెరుస్తున్నా ప్రయోగం ఆగుతుంది. ఏప్రిల్ 10 సాయంత్రం ఫ్లోరిడాలో జరిగింది అదే. నేల మీద నిలబడ్డవాళ్లకు కనిపించని కారణం అది.

మరి గాలి తగ్గేదాకా ఎంతసేపైనా ఆగొచ్చు కదా? ఆగలేరు. ప్రయోగానికి ఒక గడువు ఉంటుంది. అరబ్‌శాట్‌కు ఇచ్చినది రెండు గంటలకు కాస్త తక్కువ. రాకెట్ నుంచి విడిపోయిన ఉపగ్రహం తన సౌరఫలకాలను సూర్యుడి వైపు తిప్పుకోవాలి. ఎక్కువసేపు భూమి నీడలో చిక్కుకోకూడదు. సూర్యుడెక్కడ, భూమి ఏ వైపు తిరిగి ఉంది అన్న లెక్కలు కలిసే వ్యవధే ఆ గడువు.

ఇది విన్నప్పుడు కరీంనగర్ అన్న ముఖం మారింది. గడువంటే ఏంటో ఆయనకు చెప్పక్కర్లేదు. తాయిఫ్ గులాబీ మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా పూస్తుంది. పొద్దు పొడవకముందు కోస్తేనే పువ్వులో నూనె నిలుస్తుంది, ఎండ తగిలితే వాసన ఎగిరిపోతుంది. ఒక తులం అత్తరుకు పది పన్నెండు వేల పూలు కావాలని ఇక్కడివాళ్లు చెబుతారు. తాయిఫ్ గులాబీ చుట్టూ అల్లుకున్న ఈ పద్ధతులను యునెస్కో 2024లో వారసత్వ జాబితాలో చేర్చింది. సూర్యుడు పెట్టిన గడువు లోపల చేసే పని అది కూడా.

డెబ్బై నాలుగు నిమిషాల ముందు

ఆ రాత్రి మేడ దిగకముందు సూళ్లూరుపేట తమ్ముడు తన కళ్లారా చూసిన వాయిదా కథ చెప్పాడు. 2013 ఆగస్టు 19, సోమవారం. సాయంత్రం 4:50కి ఇస్రో రాకెట్ జీఎస్ఎల్‌వీ-డి5 లేవాలి. వీళ్లు పులికాట్ సరస్సు దారి పక్కన జాగా పట్టుకుని నిలబడ్డారు. ఇంకా గంటకు పైగా ఉండగానే కబురొచ్చింది, ఆపేశారని. "అందరూ ఇళ్లకు పోయారన్నా. మా నాయన మాత్రం సముద్రం వైపే చూస్తా నిలబడ్డాడు" అన్నాడు.

ఆ రాకెట్ వెనక రెండు దశాబ్దాల కథ ఉంది. ద్రవ హైడ్రోజన్‌ను, ద్రవ ఆక్సిజన్‌ను మండించే క్రయోజనిక్ ఇంజిన్ పరిజ్ఞానాన్ని రష్యా నుంచి తీసుకుందామంటే 1990ల ఆరంభంలో అమెరికా అడ్డుపడింది. తయారైన ఇంజిన్లు మాత్రమే వచ్చాయి, చేసే విద్య రాలేదు. దాంతో ఇస్రో సొంతంగా మొదలుపెట్టింది. హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంచాలి. మన సొంత ఇంజిన్‌తో 2010 ఏప్రిల్ 15న చేసిన తొలి ప్రయత్నంలో ఇంధనాన్ని అందించే టర్బోపంపు నిలిచిపోయి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. అదే ఏడాది డిసెంబర్ 25న రష్యా ఇంజిన్‌తో వెళ్లిన జీఎస్ఎల్‌వీ కూడా విఫలమైంది. ఈ రాకెట్‌కు అల్లరి పిల్లాడన్న పేరు స్థిరపడిపోయింది.

ఆపైన మూడేళ్లకు పైగా ఎగరలేదు. టర్బోపంపును తిరిగి రూపొందించారు. క్రయోజనిక్ ఇంజిన్‌ను కాపాడే కింది కవచాన్ని మార్చారు. ఏ దశలో ఏం జరుగుతుందో చూడటానికి వీడియో కెమెరాలు పెట్టారు. తమిళనాడులోని మహేంద్రగిరిలో, అంతరిక్షపు శూన్యాన్ని తలపించే ఏర్పాటులో ఇంజిన్‌ను వెలిగించి చూశారు. తాయిఫ్ ఎత్తులోనే నీటి మరుగు లెక్క ఆరు డిగ్రీలు తప్పుతుంటే, గాలే లేనిచోట అంత చల్లటి ఇంధనం ఎలా ప్రవర్తిస్తుందో నేల మీదే చూసుకోవడం ఎంత అవసరమో ఆలోచించండి.

ఇంత చేశాక ఆగస్టు 19న అడ్డుపడింది క్రయోజనిక్ ఇంజిన్ కాదు. ఎన్నోసార్లు నమ్మకంగా పనిచేసిన రెండో దశ. దాని ట్యాంకులో ఒత్తిడి పెంచుతున్నప్పుడు ఇంధనం కారడం కనిపించింది. ఆ ఇంధనం విషపూరితం, ఆక్సిడైజర్ తగిలితే తనంతట తానే మండుతుంది. ప్రయోగానికి 74 నిమిషాల ముందు కౌంట్‌డౌన్ ఆపారు.

ఆపడంతో పని అయిపోలేదు, అప్పుడే మొదలైంది. ఇంధనాలను జాగ్రత్తగా ఖాళీ చేయాలి. రాకెట్‌ను పట్టాల మీద వెనక్కి, కూర్పు భవనానికి తీసుకెళ్లాలి. విప్పి చూడాలి. పరీక్షించినప్పుడు తేలింది: ట్యాంకు తయారీలో వాడిన అల్యూమినియం మిశ్రలోహంలో పగుళ్లు వచ్చాయి. దాచి ఉంచిన కాలంలో ఒత్తిడీ తుప్పూ కలిసి లోహాన్ని లోలోపల తినేశాయి. కంటికి కనపడని పగులు, ఒత్తిడి పెంచాకే బయటపడింది. ఆ లోహాన్నే వదిలేసి ఏఏ2219 అనే మరో మిశ్రలోహంతో చేసిన కొత్త రెండో దశను తెచ్చారు.  రాకెట్‌ను తిరిగి కూర్చారు.

2014 జనవరి 5, ఆదివారం. 29 గంటల కౌంట్‌డౌన్ తర్వాత సాయంత్రం 4:18కి జీఎస్ఎల్‌వీ-డి5 లేచింది. 17 నిమిషాలకు 1,982 కిలోల జీశాట్-14 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సొంత క్రయోజనిక్ ఇంజిన్‌తో మన దేశం సాధించిన మొదటి విజయం అది. తమ్ముడి నాన్న ఆ రోజు కూడా అదే చోట నిలబడ్డాడట. "ఇంటికొచ్చాక అన్నాడన్నా, ఆరోజు ఆపబట్టే ఈరోజు చూశామని."

ఆగస్టు నాటి వాయిదాను అప్పుడు చాలామంది మరో వైఫల్యమే అనుకున్నారు. ఆ కారుతున్న ఇంధనాన్ని చూడకుండా, చూసి కూడా పర్వాలేదనుకుని ముందుకు పోయి ఉంటే వేదిక మీదే మంటలు లేచే ప్రమాదం ఉండేది. బహుశా క్రయోజనిక్ ఇంజిన్ మంచిదో కాదో తెలియకుండానే మరో కొన్నేళ్లు పోయేవి. నాలుగున్నర నెలలు ఆగి, ఆ కొన్నేళ్లను దక్కించుకున్నారు. మన దేశపు పౌరుడిగా నేను దాన్ని గర్వంగానే చెప్పుకుంటాను.

శుక్రవారం వేకువ

మర్నాటి రాత్రి, తేదీ మారి శుక్రవారం వచ్చింది. సౌదీలో వారాంతం. మేడ మీద మళ్లీ ముగ్గురం. 1:35కి ఫ్లోరిడాలో 27 ఇంజిన్లూ వెలిగాయి. మన దేశంలో అప్పుడు తెల్లవారుజాము 4:05. తమ్ముడు ఇంటికి ఫోన్ చేసి నాన్నను లేపాడు. తెర మీద మంట లేస్తుండగా వాళ్లిద్దరూ ఒకే మాట ఒకేసారి అన్నారు, "లేసింది!"

ఎనిమిది నిమిషాలకు రెండు పక్క బూస్టర్లు జంటగా వచ్చి తీరంలో దిగాయి. కాసేపటికి నడిమి మొదలు కూడా దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఉన్న నౌక మీద నిలబడింది. సుమారు 34 నిమిషాలకు ఉపగ్రహం విడిపోయింది. ఆ తర్వాత తన సొంత ఇంజిన్‌తో భూస్థిర కక్ష్యకు చేరుకుంది. 35,786 కిలోమీటర్ల ఎత్తులో, 30.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. తాయిఫ్ మేడ మీద నిలబడి దక్షిణానికి కాస్త పడమరగా, తల బాగా ఎత్తి చూస్తే అది ఉన్న దిక్కు. మన దేశపు ఉపగ్రహాల కోసం డిష్ తిప్పాలంటే తూర్పుకు తిప్పాలి. అదే ఏడాది ఫిబ్రవరిలో సౌదీ ఉపగ్రహం ఎస్‌జీఎస్-1, మన జీశాట్-31 ఒకే ఏరియన్ 5 రాకెట్ మీద పైకి వెళ్లాయి. ఇక్కడ పనిచేసుకునే మాకు ఆ సంగతి తలచుకుంటే సంతోషంగా ఉంటుంది.

ఈ కథలో ఒక తోక మిగిలింది. నౌక మీద చక్కగా దిగిన నడిమి మొదలు తీరానికి వచ్చే దారిలో పెద్ద అలలకు ఒరిగి పడిపోయింది. దిగిన బూస్టర్‌ను నౌకకు బిగించి పట్టే యంత్రం ఉంది గాని, ఫాల్కన్ హెవీ నడిమి మొదలును పట్టుకునేలా దాన్ని ఇంకా మార్చలేదు. గాలి కోసం ఆగారు, ఆక్సిజన్ కోసం ఆగారు. మార్చకుండా వదిలేసిన ఆ ఒక్కచోట నష్టపోయారు. పక్క బూస్టర్లు రెండూ జూన్‌లో మళ్లీ ఎగిరాయి.

ఫోన్ కట్టేశాక నిద్ర రాలేదు. కరీంనగర్ అన్న తోటకు బయల్దేరుతుంటే నేనూ వెంట వెళ్లాను. అల్ హదాలో ఇంకా చీకటే. టార్చి వెలుగులో ఆయన చెయ్యి కొమ్మ నుంచి కొమ్మకు వెళుతోంది. విచ్చిన పువ్వు, తుంచి బుట్టలో. విచ్చిన పువ్వు, బుట్టలో. ఒకచోట వేళ్లు ఆగాయి. సగం విచ్చిన మొగ్గ. ఒక్క క్షణం దాని కింద వేలు పెట్టి చూశాడు.

"గిది రేపటికి" అని వదిలేసి పక్క కొమ్మకు పోయాడు.